కప్పు మనదే, మ్యాచే చూడం

మన టెన్నిస్ అభిమానులకు ఒక వింత అలవాటుంది. గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో ఏదో ఒకటి) జరిగే రెండు వారాలూ సింగిల్స్ చూస్తాం. జొకోవిచ్ ఫిట్‌నెస్ గురించీ, అల్కరాజ్ డ్రాప్ షాట్ గురించీ, సినర్ సర్వ్ గురించీ ఆఫీసు క్యాంటీన్లో చాయ్ చల్లారిపోయేదాకా వాదించుకుంటాం. చివరి వారాంతంలో ఎప్పుడో ఫోన్లో ఒక వార్త వస్తుంది, డబుల్స్‌లో మనవాళ్ళు కప్పు కొట్టారని. వెంటనే ఒక జెండా బొమ్మ, "గర్వంగా ఉంది" అని ఒక మాట, పది గ్రూపులకి ఫార్వర్డ్. అక్కడితో సరి. ఎవరి మీద గెలిచారు, ఎన్ని సెట్లు పట్టింది, అంతకు ముందు రౌండ్లో ఏమైంది అని అడిగి చూడండి. ఒక్కరు కూడా చెప్పరు.

దీనికి అందరూ టీవీ వాళ్ళని తిడతారు. నేనూ తిడతాను, దాని సంగతి తర్వాత చెప్తాను. కానీ అసలు తప్పు చూసేవాళ్ళ వైపే ఉందని నా వాదన. డబుల్స్‌ని మనం ఆటగా చూడటం లేదు, పతకాల పట్టికగా చూస్తున్నాం.

గ్రాండ్‌స్లామ్స్‌లో మనకంటూ చరిత్ర ఉందంటే అది డబుల్స్ చరిత్రే. సింగిల్స్‌లో 1960లో, 1961లో రామనాథన్ కృష్ణన్ వింబుల్డన్ సెమీస్‌దాకా వెళ్ళారు. ఫైనల్ ఆడినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. అదే డబుల్స్ తీసుకోండి. 1997 ఫ్రెంచ్ ఓపెన్‌లో మహేశ్ భూపతి జపాన్‌కి చెందిన రికా హిరాకీతో కలిసి మిక్స్‌డ్ (ఆడ, మగ కలిసి ఆడే డబుల్స్) టైటిల్ గెలిచాడు. భారతీయుల్లో మొట్టమొదటి గ్రాండ్‌స్లామ్ టైటిల్ అది. 1999లో లియాండర్ పేస్, భూపతి నాలుగు గ్రాండ్‌స్లామ్స్‌లోనూ ఫైనల్ ఆడి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ పట్టుకొచ్చారు. 2015 వింబుల్డన్ అయితే మరీ విచిత్రం. మహిళల డబుల్స్‌లో సానియా మీర్జా, మిక్స్‌డ్‌లో పేస్, బాలుర డబుల్స్‌లో సుమిత్ నాగల్. ఒకే టోర్నీలో మూడు కప్పులు, మూడూ డబుల్సే. ఇంత ఉండీ మనం ఆ ఆటను "డబుల్సే కదా" అని తీసిపారేస్తాం. సింగిల్స్ రెండో రౌండ్లో ఓడినవాడి గురించి ఉన్నంత బెంగ, డబుల్స్ సెమీస్ ఆడుతున్నవాడి గురించి ఉండదు.

టోర్నీని మొదటి రౌండ్ నుంచి వెంబడించకపోతే ఏం పోతుందో చెప్పడానికి నాకు 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి మించిన ఉదాహరణ లేదు. రోహన్ బోపన్న, మాథ్యూ ఎబ్డెన్ కప్పు గెలిచారు. మనకు చేరిన వార్తలో మూడే ముక్కలున్నాయి: వయసు 43, ప్రపంచ నంబర్ వన్, పద్మశ్రీ. అన్నీ నిజమే. కానీ ఆ జోడీ మొదటి రౌండ్లోనే ఇంటికెళ్ళిపోవాల్సింది. డక్‌వర్త్, పోల్మన్స్ అనే ఇద్దరు స్థానిక ఆటగాళ్ళు, డబుల్స్‌లో పెద్దగా పేరున్నవాళ్ళు కారు, మూడో సెట్ టై బ్రేక్ (6-6 దగ్గర సెట్టును తేల్చే పాయింట్ల పోరు) దాకా లాగారు. మెల్‌బోర్న్ జనం ఎటు అరుస్తారో వేరే చెప్పాలా? ఎబ్డెన్ కూడా ఆస్ట్రేలియావాడే కాబట్టి సగం అరుపులు ఇటూ వచ్చి ఉంటాయనుకోండి. క్వార్టర్స్‌లో అర్జెంటీనా జోడీ గొంజాలెజ్, మోల్టెనీలను వరుస సెట్లలో ఓడించారు. బోపన్నకు నంబర్ వన్ ఖాయమైంది ఆ మ్యాచ్‌తోనే. సెమీస్‌లో మళ్ళీ గండం. చెక్ కుర్రాడు మహాచ్, చైనా ఆటగాడు జాంగ్ జిజెన్, ఇద్దరూ సింగిల్స్ ఆడుకునేవాళ్ళే, సరదాగా జట్టు కట్టినట్టు వచ్చి మూడో సెట్‌ని మళ్ళీ పది పాయింట్ల టై బ్రేక్‌కి తీసుకెళ్ళారు. అది 10-7తో గట్టెక్కింది. ఒకటి రెండు బంతులు అటు పడి ఉంటే ఈ కథే లేదు.

ఆ రెండు టై బ్రేకులు చూసినవాడికి ఫైనల్ వేరేగా కనిపిస్తుంది. ఇటలీ జోడీ బొలెల్లి, వవసోరి మీద తొలి సెట్ టై బ్రేక్ 7-0. ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు! అంతకు ముందు రెండుసార్లు అంచుదాకా వెళ్ళి వచ్చినవాళ్ళు టై బ్రేక్‌లో అంత నిబ్బరంగా ఎలా ఆడారో తెలిసేది అప్పుడే. ఆ రోజు శనివారం. సబలెంకా మహిళల సింగిల్స్ ఫైనల్‌ని గంటంబావులో ముగించేసింది, ఆ తర్వాతే డబుల్స్. మన దగ్గర ఇంకా సాయంత్రం ఎండ ఉంది. అర్ధరాత్రి మేలుకోవాల్సిన పని లేదు, అలారం పెట్టుకోవాల్సిన పని లేదు. అయినా సింగిల్స్ అయిపోగానే మా అపార్ట్‌మెంట్లో మంచి టెన్నిస్ అభిమానులుగా పేరున్నవాళ్ళందరూ టీవీ కట్టేశారు. పురుషుల డబుల్స్‌లో తన 61వ గ్రాండ్‌స్లామ్ ఆడుతున్న మనిషి చివరి మెట్టు మీద ఉంటే!

నాకు అన్నిటికంటే అర్థం కానిది ఇంకోటుంది. మన ఊళ్ళల్లో రాకెట్ పట్టే పెద్దవాళ్ళు ఆడేదంతా డబుల్సే. పొద్దున్నే ఏ కాలనీ కోర్టుకో, క్లబ్బుకో వెళ్ళి చూడండి. మోకాలికి పట్టీ వేసుకున్న ఇద్దరు ఇటు, బీపీ మాత్ర వేసుకుని వచ్చిన ఇద్దరు అటు. వాళ్ళ అసలు సమస్య సర్వ్ కాదు, బ్యాక్‌హ్యాండ్ కాదు. ఇద్దరి మధ్యన పడే బంతి. అది వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, బంతి దర్జాగా మధ్యలోంచి వెళ్ళి వెనక జాలికి తగులుతుంది. "మీరు తీసుకుంటారనుకున్నా సార్." "అయ్యో, మీ ఫోర్‌హ్యాండ్ కదా అని వదిలేశానండీ." ఇది వారానికి ఐదు రోజులు జరుగుతుంది, నలభై ఏళ్ళ అనుభవమున్నవాళ్ళకి కూడా. ఆ సమస్యకి ప్రపంచంలో అత్యుత్తమ సమాధానం ఇవ్వగల ముప్పై రెండు జోడీలు వింబుల్డన్‌లో రెండో రౌండ్ ఆడుతుంటే, వీళ్ళు మాత్రం ఇంటికెళ్ళి అల్కరాజ్ పరుగెత్తి కొట్టే ఫోర్‌హ్యాండ్ చూస్తారు. ఆ షాట్ ఈ జన్మలో మనం కొట్టేది లేదు. మధ్య బంతి మాత్రం రేపు పొద్దున్న ఆరుంబావుకి మళ్ళీ వస్తుంది.

డబుల్స్‌ని ఎలా చూడాలో మనకెవరూ చెప్పలేదన్నది నిజమే. సింగిల్స్ చూసే కన్ను బంతి వెంటే తిరుగుతుంది. డబుల్స్‌లో బంతి వెంట తిరిగితే ఏమీ కనపడదు, రెండు మూడు దెబ్బల్లో పాయింటు అయిపోతుంది, "ఇదేం ఆట, ర్యాలీలే లేవు" అనిపిస్తుంది. చూడాల్సింది నెట్ దగ్గరున్న మనిషిని. సర్వ్ చేసేవాడు చాలాసార్లు బేస్‌లైన్ మధ్యకు దగ్గరగా నిలబడతాడు. అతని పార్ట్‌నర్ నెట్ ముందు, సరిగ్గా మధ్య గీత మీద, దాదాపు నేలకు ఆనేలా వంగి కూర్చుంటాడు. తల మీదుగా గంటకు 200 కిలోమీటర్ల వేగంతో సొంత పార్ట్‌నర్ సర్వ్ వెళ్తుందని తెలిసి కూడా. అతని ఎడమ చేయి వీపు వెనక ఉంటుంది. వేళ్ళతో సైగ: సర్వ్ ఎటు వెయ్యాలి, తను ఎటు దూకుతాడు. అవతల రిటర్న్ చేసేవాడికి ఆ చేయి కనపడదు. వాడు ఊహించాలి. సర్వ్ పడగానే ఆ వంగినవాడు లేస్తూనే కుడికో ఎడమకో దూకుతాడు, సర్వ్ చేసినవాడు ఖాళీ అయిన వైపు పరుగెత్తుతాడు. రిటర్న్ చేసేవాడు ఆ కదలిక చూసి ఆలోచించడానికి ఉన్న సమయం సెకనులో సగం కూడా కాదు. నెట్ మనిషి ఎటు దూకుతాడో పసిగట్టి, వాడు వదిలిన ఖాళీలోకి, అదీ పరుగెత్తుకొస్తున్నవాడి కాళ్ళ దగ్గర పడేలా బంతి వదిలాడంటే లేచి చప్పట్లు కొట్టాలి. టీవీలో ఆ షాట్ ఎంత మామూలుగా కనిపిస్తుందంటే, వ్యాఖ్యాత కూడా ఒక్కోసారి మాట్లాడడు.

ఇక జోడీల కథలు. ఎవరు ఎవరితో విడిపోయారు, పాత పార్ట్‌నర్‌తో ఏ రౌండ్లో ఎదురుపడతారు, ఎవరు ఎవరికి మెసేజ్ పెట్టి పిలిచారు, ఇవన్నీ మన టీవీ సీరియళ్ళకేం తీసిపోవు. నిజానికి మన జనానికి డబుల్స్‌లో రుచించింది ఈ భాగమొక్కటే. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు పేస్‌తో ఆడనంటే ఆడనని భూపతి, బోపన్న భీష్మించుకున్నప్పుడు, టెన్నిస్ రాకెట్‌కీ బ్యాడ్మింటన్ రాకెట్‌కీ తేడా తెలియనివాళ్ళు కూడా తీర్పులు చెప్పారు. ఒకరిని బుజ్జగించడానికి తనను ఎరగా వాడారని సానియా బహిరంగంగా చెప్పిన సంగతి అందరికీ గుర్తుంది. చివరికి పేస్ పక్కన ఆడింది మన సికింద్రాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్. వాళ్ళిద్దరూ మొదటి రౌండ్లో నెదర్లాండ్స్ జోడీ హాస్, రోజర్‌ని మూడు సెట్లలో ఓడించారు. ఆ రోజర్ మూడేళ్ళ తర్వాత వింబుల్డన్ డబుల్స్ చాంపియన్ అయ్యాడు. మరి ఆ గెలుపు గుర్తున్నవాళ్ళెంతమంది? గొడవ నెల రోజులు చూశాం, మ్యాచ్ చూడలేదు.

డబుల్స్ తక్కువ స్థాయి ఆట అనేవాళ్ళ వాదనలో బలం లేదని నేను అనను. డబుల్స్ మాత్రమే ఆడేవాళ్ళలో చాలామంది సింగిల్స్‌లో నిలదొక్కుకోలేక ఇటు వచ్చినవాళ్ళే. సింగిల్స్‌లో అగ్రశ్రేణి వాళ్ళు డబుల్స్ మీద మనసు పెట్టి ఆడితే ఈ జోడీల్లో కొన్ని చెల్లాచెదురైపోతాయి, మహాచ్, జాంగ్ దాదాపు చేసి చూపించారు కూడా. డబ్బు కూడా ఆ మాటే చెప్తుంది. 2025 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు 30 లక్షల పౌండ్లు. డబుల్స్ విజేతలకు ఇద్దరికీ కలిపి 6,80,000. అభిమాని స్టార్‌ని చూడటానికి వెళ్తాడు, దాన్ని తప్పు పట్టలేం. సినిమా హాలు బయట కటౌట్లు కట్టే రాష్ట్రాల్లో పుట్టి స్టార్ మోజుని తిట్టే హక్కు నాకు అసలే లేదు.

కానీ స్టార్లు వస్తేనే డబుల్స్‌కి జనం వస్తారన్న లెక్కని 2025లో యూఎస్ ఓపెన్ నిజంగానే పరీక్షించింది. ఫలితం ఎవరూ అనుకున్నట్టు రాలేదు. మిక్స్‌డ్ డబుల్స్‌ని అసలు టోర్నీకి ముందు వారంలో రెండు రోజులకు కుదించారు. 16 జోడీలు. అందులో ఎనిమిదింటికి సింగిల్స్ ర్యాంకుల ఆధారంగా చోటు, మిగతా ఎనిమిది నిర్వాహకుల ఇష్టం. సెట్టుకి నాలుగు గేములే, ఫైనల్లో మాత్రం ఆరు. విజేతలకు 10 లక్షల డాలర్లు, అంతకు ముందు ఏడాది ఇచ్చింది రెండు లక్షలు. అల్కరాజ్, జొకోవిచ్, షియాంటెక్ అందరూ వచ్చారు. పెద్ద స్టేడియం నిండింది. గెలిచిందెవరు? డబుల్స్‌నే నమ్ముకున్న ఇటలీ జోడీ, అంతకు ముందు ఏడాది విజేతలు, సారా ఎరానీ, ఆండ్రియా వవసోరి. ఫైనల్లో షియాంటెక్, రూడ్ జోడీని ఓడించారు. ఆడే అవకాశం దొరకని డబుల్స్ ఆటగాళ్ళ కోసం కూడా ఈ గెలుపు అని వవసోరి అక్కడే చెప్పాడు. (బోపన్న, ఎబ్డెన్ చేతిలో మెల్‌బోర్న్ ఫైనల్ ఓడిన వవసోరి ఇతనే. డబుల్స్ వెంబడిస్తే ఇలాంటి పాత పరిచయాలు ఎదురవుతూనే ఉంటాయి.)

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. నిర్వాహకులు నిండిన కుర్చీలు చూపిస్తారు. నేను ఇంకోటి చూస్తాను. షియాంటెక్ కోసం వచ్చిన జనానికి, ఇద్దరు కలిసి ఆడటం అనేది వేరే విద్య అని కళ్ళెదుట తెలిసింది. ఆ రాత్రి ఆ స్టేడియంలో డబుల్స్‌కి కొత్త అభిమానులు పుట్టే ఉంటారు. కాబట్టి పెద్ద కోర్టు ఇస్తే, మంచి సమయం ఇస్తే జనం చూస్తారన్న సంగతి తేలింది. ఆ కోర్టూ ఆ సమయమూ అసలు డబుల్స్‌కి ఎందుకివ్వరు అన్నదే నా ప్రశ్న. మన వైపు నుంచి చూస్తే ఇంకో నష్టముంది. ఇదే యూఎస్ ఓపెన్‌లో భూపతి, పేస్, సానియా ముగ్గురూ మిక్స్‌డ్ కప్పులు గెలిచారు. 2014లో బ్రూనో సోరెస్‌తో సానియా గెలిచిన నాటికి ఆమె సింగిల్స్ ఆడటం మానేసి చాలా కాలమైంది. 2025 నిబంధన అప్పుడుంటే, ఎవరో దయతలిచి వైల్డ్ కార్డు ఇస్తే తప్ప ఆమెకి ఎంట్రీయే ఉండేది కాదు. దీని మీద మన అభిమానుల్లో ఒక్క గొంతయినా లేచిందా? లేవలేదు. చూడని ఆట పోతే ఎవరికి బాధ?

సానియా మాట వచ్చింది కాబట్టి హైదరాబాద్ సంగతి చెప్పాలి. 2005 ఫిబ్రవరిలో ఆమె సొంత ఊళ్ళో సింగిల్స్ టైటిల్ గెలిచింది. డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు. ఊరంతా ఊగిపోయింది, అది న్యాయమే. అయితే ఆమె తొలి డబ్ల్యూటీఏ టైటిల్ అది కాదు. అంతకు ముందు ఏడాది అదే హైదరాబాద్ టోర్నీలో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. ఈ ముక్క హైదరాబాదీలకే చాలామందికి తెలియదు. మన ఊళ్ళో, మన అమ్మాయి, మొదటి కప్పు!

2015 వింబుల్డన్ ఫైనల్ సంగతీ అంతే. సానియా, ఆమె పార్ట్‌నర్ మార్టినా హింగిస్ గెలిచారని అందరికీ తెలుసు. రష్యా జోడీ మకరోవా, వెస్నినా తొలి సెట్ 7-5తో గెలిచి, రెండోది టై బ్రేక్‌లో కోల్పోయి, మూడో సెట్లో 5-2 ఆధిక్యంలోకి వెళ్ళిపోయారని ఎంతమందికి తెలుసు? మన దగ్గర అప్పటికే అర్ధరాత్రి దాటింది. ఇంట్లోవాళ్ళందరూ పడుకున్నారు, సౌండ్ సున్నా చేసుకుని చూస్తున్నాను. అక్కడ్నించి సానియా, హింగిస్ వరసగా గేములు లాగి 5-5 చేశారు. అప్పుడు వెలుతురు చాలక ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూయడం మొదలుపెట్టారు. ఆ విరామంలో పడ్డ టెన్షన్ నేను ఏ సింగిల్స్ ఫైనల్‌కీ పడలేదు. లయ దొరికినవాళ్ళని ఆపేస్తే ఆ ఊపు పోతుందేమోనని భయం. పోలేదు. మళ్ళీ వచ్చి మిగిలిన రెండు గేములూ వీళ్ళే తీసుకున్నారు, 7-5. ఫైనల్ ముందు దాకా టోర్నీలో ఒక్క సెట్టూ వదలని జోడీ అది. ఒక్కసారిగా ఇలా మూలకి నెట్టబడ్డప్పుడు ఎలా ఆడుతుందో ఎవరికీ తెలియదు, బహుశా వాళ్ళకీ తెలియదు. పొద్దున్న పేపర్లో ఫోటో చూసి సంబరపడ్డవాళ్ళ మీద నాకేం కోపం లేదు. కానీ ఆ ఫోటో వెనకాల ఒక గంటసేపు ఓడిపోయిన మ్యాచ్ ఉంది.

ఇప్పుడు టీవీ సంగతి. ఒక గ్రాండ్‌స్లామ్‌లో మనవాడు డబుల్స్ ఆడుతుంటే, హక్కులు కొన్న చానెల్ ఆ టైములో నాలుగు రోజుల క్రితపు సింగిల్స్ మ్యాచ్ ముఖ్యాంశాలు వేసింది. కస్టమర్ కేర్‌కి రాస్తే, మీ సూచన సంబంధిత విభాగానికి పంపామని జవాబొచ్చింది. ఆ విభాగం ఎక్కడుందో గానీ, అప్పటి నుంచి నా సూచనలన్నీ అక్కడే ఉన్నాయి. అయితే వాళ్ళకీ లెక్కలుంటాయి. ఎవరూ చూడరనుకున్నది ఎవరూ వెయ్యరు. చూస్తామని మనమెప్పుడు చెప్పాం?

చూపించకపోయినా వెంబడించే దారులున్నాయి. సింగిల్స్ డ్రా (ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక) వచ్చిన తర్వాత డబుల్స్ డ్రా వేరేగా వస్తుంది. అది తెరిచి, మనవాళ్ళు ఏ పావు భాగంలో పడ్డారో, సీడింగ్ ఉన్నవాళ్ళు (ర్యాంకు బట్టి ముందు వరసలో పెట్టినవాళ్ళు) ఎక్కడ తగులుతారో చూసుకోవాలి. రోజువారీ షెడ్యూల్లో ఏ కోర్టులో ఎన్నో మ్యాచో రాసి ఉంటుంది. ఆ తర్వాత స్కోరు పేజీ. ఆటగాడి పేరు పక్కన సర్వ్ గుర్తుగా చిన్న చుక్క, అటూ ఇటూ మారే అంకెలు. కాసేపు అంకె కదలకపోతే ఏమైందో తెలియదు. ఎవరికైనా గాయమా, వానా, లేక మన ఇంటర్నెట్టేనా. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళకి నేనెప్పుడూ చెప్పేది ఒకటే. గ్రౌండ్ పాస్ చాలు, డబుల్స్ ఎక్కువగా బయటి కోర్టుల్లోనే. అక్కడ బెంచీ మీద కూర్చుంటే ఆటగాళ్ళు గుసగుసలాడుకునేది కూడా వినిపించేంత దగ్గర. రాడ్ లేవర్ అరీనా పై వరసలో కూర్చుని చీమంత అల్కరాజ్‌ని చూడటానికి అంత డబ్బు ఎందుకు పోస్తారో నాకు అర్థం కాదు.

గ్రాండ్‌స్లామ్‌తోనే మొదలుపెట్టాలని కూడా లేదు. 2024 అక్టోబర్‌లో కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) టోర్నీ జరిగింది. హైదరాబాద్ కుర్రాడు బొల్లిపల్లి రిత్విక్ చౌదరి, అర్జున్ కఢే జోడీ తొలి సెట్ పోగొట్టుకుని, రెండోది టై బ్రేక్‌లో దక్కించుకుని, మూడో సెట్ బదులు ఆడే సూపర్ టై బ్రేక్‌లో 14-12తో గెలిచింది. ఇద్దరికీ అదే తొలి ఏటీపీ టైటిల్. ఆ ఫైనల్లో అవతల ఆడిన కొలంబియా ఆటగాడు నికోలస్ బారియెంటోస్‌నే తర్వాత రిత్విక్ పార్ట్‌నర్‌గా తెచ్చుకుని, 2025లో చిలీ ఓపెన్ గెలిచాడు. 14-12 దగ్గర ఎదురుగా నిలబడి ఓడిపోయినవాడు, ఐదు నెలలు తిరక్కుండానే పక్కన నిలబడ్డాడు.

బోపన్న 2025 నవంబర్‌లో రిటైరయ్యాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ రోజు మళ్ళీ జెండాలు, దండాలు. అదే ఏడాది సెప్టెంబర్‌లో యూకీ భాంబ్రీ న్యూజిలాండ్ ఆటగాడు మైకేల్ వీనస్‌తో కలిసి యూఎస్ ఓపెన్ సెమీస్ ఆడినప్పుడు ఆ గ్రూపులో నడిచిన చర్చ లిఫ్టు మరమ్మతు గురించి. జనవరిలో మెల్‌బోర్న్ డబుల్స్ డ్రా రాగానే దాన్ని ఆ గ్రూపులో పెట్టబోతున్నాను. అడ్మిన్ తీసేస్తే తీసేయనివ్వండి.